బ్యాటరీకి విశ్రాంతి

మా మామకు మనుషుల మీద కన్నా మిషన్ల మీద దయ ఎక్కువ. ఈ మాట ఆయన బతికుండగా ఆయన ఎదుటే అనేదాన్ని. వినపడదు కాబట్టి అంత ధైర్యం. సూరత్‌లో, లింబాయత్ గల్లీల్లో, ఎదురెదురు ఇళ్ల వాళ్లు కిటికీల్లోంచి అగ్గిపెట్టె అందుకునేంత ఇరుకు చోట మా ఇల్లు. ఆ గల్లీ చివరి కార్ఖానాలోనే ఆయన వయసంతా గడిచింది. మరమగ్గాలను మా వాళ్లు సాంచలంటారు. సాంచల చప్పుడు మనిషి చెవిలోంచి ముందుగా సన్నని శబ్దాలను ఎత్తుకుపోతుంది. ఫోను మోత, కుక్కరు ఈల, పసిపిల్ల ఏడుపు, కోడలి గొంతు ఒకదాని వెనక ఒకటి పోతాయి. లావు గొంతు వాళ్లు దగ్గరికొచ్చి అరిస్తే మాత్రం వినపడుతుంది. నాది సన్న గొంతు. పెళ్లయి వచ్చిన మొదటి ఏడాదంతా నేను మూగదాన్నని ఆయన అనుకున్నా ఆశ్చర్యపోను.

నేను సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చేసరికే మా అత్త లేదు. ఇంకొన్నేళ్లకు మామ ఊపిరి కూడా దెబ్బతింది. బీడీలు కొంత చేశాయి, కార్ఖానా ధూళి మిగతాది చేసింది. ముందు మెట్లెక్కితే ఆయాసం. తర్వాత స్నానం చేస్తే ఆయాసం. ఆఖరికి అన్నం కలుపుకున్నా ఆయాసమే. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక రోజులో ఎక్కువసేపు ఆక్సిజన్ మీదే ఉండాలన్నాడు. కరోనా తర్వాత మా కులసంఘం వాళ్లు చందాలేసుకుని కొన్ని ఆక్సిజన్ మిషన్లు కొన్నారు. గదిలోని గాలిని పీల్చుకుని, ఆక్సిజన్‌ను వేరుచేసి సన్నటి గొట్టంలోంచి ముక్కుకు పంపే మిషన్లు. అవసరమైన ఇంటికి ఇస్తారు. మనిషి కోలుకుంటేనో, పోతేనో వెనక్కి తీసుకుంటారు. ఒకటి మా ఇంటికొచ్చింది. ఇంకొకటి డిండోలిలో ఉండే మామ స్నేహితుడి ఇంటికి వెళ్లింది. ఆయనా అదే కార్ఖానా మనిషి. మా ఆయనకు కాక, అంటే చిన్నాయన వరస, నాకు చిన్నమామ. ఇద్దరూ పక్కపక్క సాంచల మీద పనిచేశారు, ఇద్దరికీ అదే రోగం. కాకపోతే చిన్నమామకు రాత్రి పడుకున్నప్పుడు మాత్రమే మిషన్ కావాలి. మా మామకు పగలూ రాత్రీ కావాలి.

మిషన్ కరెంటు మీద నడుస్తుంది, కరెంటు పోతే ఆగుతుంది. సూరత్‌లో కరెంటు అంతగా పోదని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, పెద్ద రోడ్ల మీద పోదు. మా గల్లీలో రోడ్డు తవ్వినప్పుడల్లా కేబులు తెగుతుంది, ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, వానాకాలంలో ఖాడీ పొంగుతుంది. ఖాడీ అంటే మా ఇళ్ల వెనక నుంచి పారే మురికి వాగు. ఆ నీళ్లు గల్లీలోకొస్తే ఎవరికైనా షాకు కొడుతుందని మొత్తం లైనే బంద్ పెడతారు. అందుకని మా ఆయన ఇన్వర్టరు, దాని కింద ఎత్తలేనంత బరువున్న బ్యాటరీ కొన్నాడు. కరెంటు పోయినా మామ మిషన్ మూడు గంటలకు పైగా నడుస్తుందని షాపువాడు చెప్పాడు. మూడు గంటలుంటే మనిషిని హాస్పిటల్‌కు చేర్చుకోవచ్చు. మామ ప్రాణం ఆ నల్ల డబ్బాలో ఉందని ఆ రోజే నాకు అర్థమైంది.

షాపువాడే వచ్చి బిగించాడు. హిందీలో నాకు జాగ్రత్తలన్నీ చెప్పాడు, ఇంట్లో ఉండేది నేనే కాబట్టి. బ్యాటరీ ఎప్పుడు వాడినా, కరెంటు రాగానే చార్జింగ్‌కు పెట్టాలి. నిండేదాకా కదిలించకూడదు. ఖాళీగా వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద తెల్లటి పెచ్చు కడుతుంది, అది గట్టిపడితే మళ్లీ ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు. చార్జింగ్‌లో కాస్త వెచ్చబడితే భయపడొద్దు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే, అదీ గుర్తు దాకే పొయ్యాలి. వైర్లు బిగించిన చోట పొడి పేరుకుంటే వేడినీళ్లతో తుడిచి వ్యాజిలీన్ పూయాలి. ఆకలితో ఇంటికొచ్చిన మనిషికి ముందు అన్నం పెడతారు గానీ పడుకోమని చాప వేస్తారా అని అడిగాడు. అతను మాటకారి. నాకు బాగా గుర్తుండిపోయింది.

మామ ఆ సంభాషణంతా మంచం మీద నుంచి చూశాడు. ఒక్క ముక్కా వినలేదు. వినకపోయినా ఆయనకు ఏం చేయాలో ముందే తెలుసు.

కార్ఖానాలో వేడెక్కిన మోటారును ఆపకుండా నడిపితే లోపలి తీగ కాలిపోతుంది. ఆయన కుర్రతనంలో ఒకసారి అలా కాలింది. ఆ పనిమీద ఉన్న మనిషిని సేటు అందరి ముందూ కొట్టి బయటికి గెంటాడట. అప్పటినుంచి మామ చెయ్యి ఎప్పుడూ మోటారు మీదే. అరచేయి ఆనించి చూసి, కాలుతుందనిపిస్తే ఆపేసేవాడు. చల్లారాకే మళ్లీ నడిపేవాడు. పన్నెండు గంటల పనిలో మనుషులకు లేని సెలవు మోటారుకు దొరికేది. ఆయన చేతికింద ఒక్క మోటారూ కాలలేదని కార్ఖానా అంతా చెప్పుకునేది. ఆయన జీవితంలో ఆయన గర్వంగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఇంటికొచ్చిన బ్యాటరీకి కూడా ఆయన అదే న్యాయం చేశాడు. మొదటిసారి కరెంటు పోయి, బ్యాటరీ మీద మిషన్ నడిచి, మళ్లీ కరెంటు వచ్చింది. నేను ఊపిరి పీల్చుకునేలోగా ఆయన మంచం దిగి, ఆక్సిజన్ మిషన్ ప్లగ్గు తీసి గోడ బోర్డుకు పెట్టుకున్నాడు. ఇన్వర్టరు ఆపేసి దాని ప్లగ్గు కూడా పీకేశాడు. నేను మళ్లీ పెట్టబోతే చేత్తో ఆపాడు.

"ఇంతసేపు నడిచింది గదా బిడ్డా. జర ఆరాం తీస్కోనియ్యి. రేపు పొద్దుగాల పెడ్దాం."

షాపువాడు చెప్పింది గొంతు చించుకుని చెప్పాను. నవ్వాడు. వాడు అమ్మేటోడు, నేను నడిపేటోన్ని అన్నాడు. మరునాడు పొద్దున చార్జింగ్ పెట్టాడు, గంటకోసారి అరచేయి ఆనించాడు, వెచ్చగా తగలగానే పీకేశాడు. మాది రేకుల కప్పు. సూరత్ ఎండకు ఆ గదిలో మంచినీళ్ల బిందె కూడా వెచ్చగానే ఉంటుంది. ఆ లెక్కన మా బ్యాటరీ ఒక్కనాడూ కడుపునిండా చార్జింగ్ అయి ఉండదు. ఖాళీ అయిన రోజు ఖాళీగా పడుకోవడం, మరునాడు అరకొర తిండి. నేను నీళ్లు పోశాను, పొడి తుడిచాను, వ్యాజిలీన్ రాశాను. అన్నం పెట్టకుండా మూతి తుడిస్తే ఏం లాభం?

మా ఆయనకు చెప్పాను. ఆయన బట్టల మార్కెట్లో పార్సిళ్ల దగ్గర పనిచేస్తాడు, రాత్రి వచ్చేసరికి నిలబడే ఓపిక ఉండదు. బాపు ఇన్నేళ్లు మిషన్లు నడిపిండు, ఆయనకు తెల్వదా అన్నాడు. తండ్రి ఎదుట నోరు తెరవలేని మగాళ్లంతా ఇదే మాట అంటారు. తండ్రి తప్పని చెప్పడం కంటే తండ్రికి తెలుసని నమ్మడం సులువు.

ఇక నేనే దొంగతనానికి దిగాను. మధ్యాహ్నం మామ అన్నం తిని కునుకు తీసేవేళ ప్లగ్గు పెట్టేదాన్ని. ఇన్వర్టరు గుయ్యిమని పాడేది, ఆయనకు వినపడదు. చార్జింగ్ లైటు మాత్రం మంచం మీదికి కనిపిస్తుంది. దాని మీద నా బొట్టుబిళ్ల ఒకటి అంటించాను. ఆ ఎండాకాలమంతా మా ఇన్వర్టరు ముత్తయిదువలా బొట్టు పెట్టుకుని పనిచేసింది. బ్యాటరీ కొంచెం కోలుకుంది కూడా. ఒకసారి కరెంటు రెండు గంటలు పోయినా మిషన్ ఆగలేదు. చూశినవా, ఆరాం ఇస్తే ఎట్ల నడుస్తదో అని మామ నాకే పాఠం చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన తొందరగా లేచాడు. అలవాటుగా చెయ్యి చాచి బ్యాటరీని తాకాడు. వెచ్చగా ఉంది. ఆ అరచేతిని మోసం చేయడం నా వల్ల కాలేదు. లైటు దగ్గరికి వంగి బొట్టుబిళ్లను గోటితో తీశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ పూటా మరుసటి పూటా అన్నం ముట్టలేదు, ముక్కులో గొట్టం కూడా తీసి పక్కన పెట్టేశాడు. పెదవులు నల్లబడుతున్నాయి. నా ప్రాణం మీద నాకు హక్కు లేదా, ఇంట్లో నా మాటకు ఇలువ లేదా అని అడిగాడు. నా బిడ్డను పిలిచి, దాని తల మీద నా చెయ్యి పెట్టించి, ఆ ప్లగ్గు ఇక ముట్టనని ఒట్టేయించుకున్నాడు. అప్పుడు గొట్టం పెట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ మా ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

ఒట్లను నేను నమ్ముతానో లేదో నాకే తెలియదు. కానీ బిడ్డ తల మీద పెట్టిన చెయ్యి మళ్లీ ఆ ప్లగ్గు దగ్గరికి వెళ్లలేదు. నాకు మామ మీద కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ మా ఆయన మీద వచ్చింది. ఆ కోపం ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక రోజు పొద్దుటి నుంచి ముసురు, మధ్యాహ్నం ఎక్కడో లైను తెగి చాలాసేపు కరెంటు లేదు. బ్యాటరీ మీదే మిషన్ నడిచింది. సాయంత్రం కరెంటు వచ్చేసరికి ఇన్వర్టరు బ్యాటరీ ఖాళీ అయిపోతోందని కూతలు పెడుతోంది. మామ అలవాటు ప్రకారం ప్లగ్గు పీకాడు. రేపు పెడ్దామన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా తోమాను.

తెల్లారి మా ఆయన డ్యూటీకి వెళ్లాక, మామ ఇంకా చార్జింగ్ పెట్టకముందే ఖాడీ పొంగింది. నల్లటి నీళ్లు ముందు మోరీలోంచి, తర్వాత గడప మీదుగా వచ్చాయి. గల్లీలో కేకలు మొదలయ్యాయి. మామ మంచం కింద ఇటుకలు పెట్టాను, మిషన్‌ను ఆయన తల వెనక బల్ల మీదికి ఎక్కించాను. ఇన్వర్టరు గోడ అరమీద, బ్యాటరీ దిమ్మె మీద ఉన్నాయి, వాటికి నీళ్లు తగల్లేదు. అంతలో లైను బంద్ అయింది. మిషన్ ప్లగ్గును ఇన్వర్టరుకు మార్చి స్విచ్ వేశాను. నడిచింది. మా ఆయనకు ఫోను చేస్తే రోడ్డంతా మునిగింది, ఎట్లాగైనా వస్తానన్నాడు. అంబులెన్స్‌కు చేస్తే గల్లీలోకి రాలేం, పెద్ద రోడ్డు దాకా తీసుకురమ్మన్నారు. పక్కింటి వాళ్లను కేకేశాను. వాళ్లు తమ పిల్లలతోపాటు మా బిడ్డనూ అటకెక్కించి వస్తామన్నారు.

మూడు గంటలు నడవాల్సింది, నేను పోసిన చాయ్ మామ తాగేలోపే ఆగిపోయింది. ఇన్వర్టరు కూసింది, ఆరిపోయింది. ఆక్సిజన్ మిషన్ కరెంటు లేదని సన్నగా, ఆపకుండా అరవసాగింది. రేకుల మీద వాన దంచుతోంది. మామకు ఆ వానే వినపడుతోంది. తల వెనక ఏం జరిగిందో ఆయనకు తెలియదు. గొట్టం ముక్కులోనే ఉంది. గ్లాసు నాకందిస్తూ నా మొహంలోకి చూశాడు.

"నడుస్తున్నదా బిడ్డా?"

ఆ అరుపు నా చెవుల్లో పొడుస్తోంది. నిజం చెబితే ఏమవుతుంది? ఆయాసపడే మనిషికి భయం తోడైతే ఇంకా తొందరగా కూలిపోతాడని డాక్టరు ముందే చెప్పాడు. అదొక కారణం. ఇంకోటి కూడా ఉంది. ఆయన మొహంలో ఆ క్షణాన చిన్న గర్వం కనిపించింది, నేను దాన్ని తుడిచేయలేకపోయాను.

"నడుస్తున్నది మామా" అన్నాను. పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"ఆరాం ఇచ్చిన గదా" అన్నాడు.

పక్కింటి వాళ్లొచ్చారు. మంచంతోనే ఎత్తుకుని నడుములోతు నీళ్లలో పెద్ద రోడ్డుకు మోశారు. నేను గొట్టం తీయలేదు. మిషన్ నుంచి ఊడదీసిన కొసను చీర కొంగులో దాచి పట్టుకుని మంచం పక్కనే నడిచాను. అంబులెన్స్ ఎక్కేసరికి ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. హాస్పిటల్‌లో ఆక్సిజన్ పెట్టాక కాసేపు తేరుకున్నాడు. మా ఆయన తడిబట్టలతో వచ్చి చెయ్యి పట్టుకుంటే, మిషన్ ఆగలే బిడ్డా, ఒక్క నిమిషం ఆగలే అన్నాడు. మరుసటి రోజు పోయాడు.

ఆ మాటను మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. బాపు చేతికింద ఏ మిషనూ ఆగలేదు, ఆఖరికి ఆయన మిషన్ కూడా ఆగలేదు అని. చెబుతూ ఏడ్చేవాడు. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను చాయ్ గ్లాసులు అందిస్తూ విన్నాను. అసలు సంగతి ఆయనతోనే పోతే ఎవరికేం నష్టమని ఊరుకున్నాను. బూడిదైన మనిషి తప్పులు తవ్వి నాకేం వస్తుంది? సంఘం వాళ్లు మిషన్ తీసుకుపోయారు. బ్యాటరీ ఆ మూలే ఉంది. దాని వంక నేను చూడలేదు.

దినాల నాడు డిండోలి నుంచి చిన్నమామ వచ్చాడు. షేర్ ఆటో దిగి గల్లీ నడిచి వచ్చేసరికి రొప్పుతున్నాడు. కుర్చీ వేశాం. ఇంటినిండా జనం, కార్ఖానా వాళ్లే సగం. అందరికీ చెవుడే కాబట్టి అందరూ అరుస్తూ మాట్లాడుకుంటున్నారు. మా ఆయన మళ్లీ ఆ కథ చెప్పాడు. చిన్నమామ తల ఊపుతూ విన్నాడు. నేను చాయ్ ఇస్తే గ్లాసు పట్టుకుని నా వంక ఆప్యాయంగా చూశాడు.

"నీ మామ నాకు గూడ నేర్పిండు బిడ్డా. నేను గట్లనే చేస్తున్న. మొన్నటి వానకు బ్యాటరీ మొత్తం దిగింది. పీకి పెట్టిన, మంచిగ ఆరాం తీస్కుంటున్నది."

ఆ బ్యాటరీ మొన్నటి నుంచి ఖాళీగా ఉంది. బయట మళ్లీ మబ్బు కమ్ముతోంది. ఈయన రాత్రికి వెళ్లి ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకుంటాడు.

మెల్లగా చెప్పాను, వినపడలేదు. పక్కకు పిలిచి చెప్పాలనుకున్నాను, ఆయన లేవలేకపోతున్నాడు. ఆయన చెవి దగ్గర నిలబడి, నా సన్న గొంతు ఎంత వస్తే అంతా పెట్టి అరిచాను.

"చార్జింగ్ పెట్టు చిన్నమామా. ఖాళీగ ఉంచితే సచ్చిపోతది. మా మామ తప్పు చేసిండు. ఆ దినం మిషన్ ఆగిపోయింది."

అందరూ నా వైపు తిరిగారు. చెవుడున్న వాళ్లకు కూడా వినపడినట్టుంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. మిషన్ ఆగలేదని బాపు అన్నడు గదా అన్నాడు. నడుస్తున్నదని నేనే చెప్పిన, ఆయనకు ఆ కూత వినపడలేదు అన్నాను. మా ఆయన నన్ను చూసిన చూపును నేను ఇక్కడ రాయను. మామ ఫొటో ముందు దీపం వెలుగుతోంది. ఆ మనిషికి మిగిలిన ఒక్క గర్వాన్నీ ఆయన దినాల నాడు, ఆయన స్నేహితుల ముందు నేనే తీసేశాను. బాధేసింది. అయినా ఆగలేదు.

చిన్నమామ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత ఇంటికి ఫోను కలపమన్నాడు. నేను కలిపాను. అటువైపు ఆయన కోడలు ఎత్తింది. ఇన్వర్టరు ప్లగ్గు పెట్టమన్నాను.

"మా మామ ముట్టొద్దన్నడు అక్కా. ఆయన వచ్చినంక అడిగి పెడ్త."

నేను ఫోను చిన్నమామ చేతికిచ్చాను. ఆయన దాన్ని చెవికి కాదు, నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పెట్టు బిడ్డా. ఇప్పుడే పెట్టు. నేనే చెప్తున్న."

మామ నోట ఆ మాట వినగలిగిన, నేనెన్నడూ చూడని ఆ పిల్ల మీద నాకు కుళ్లు పుట్టింది. అటు నుంచి ఆమె ఏమంటున్నదో చిన్నమామకు వినపడలేదు. పెట్టిందో లేదో తెలియక, రొప్పుకుంటూ, అదే మాట మళ్లీ మళ్లీ అరుస్తూనే ఉన్నాడు.